మేస్త్రి పేర్చిన రంగు బిళ్ళలు

మేస్త్రికి రంగు తెలియదని ఎవరైనా అంటే ముందు ఆ అన్నవాడినే కళ్ళు చూపించుకోమనేవాళ్ళు షెడ్డులో. ఇరవై తొమ్మిదేళ్ళుగా కార్లకు రంగు కొడుతున్న మనిషి. గుద్దుకుని వచ్చిన బండికి ఒక్క తలుపు మార్చి, ఆ తలుపు మిగతా బండిలో కలిసిపోయేలా రంగు వేయాలంటే కంపెనీ చీటీలోని కొలతలు సరిపోవు. ఎండలో నిలబడ్డ ఎరుపు వేరు, నీడలో నిలబడ్డ ఎరుపు వేరు. మేస్త్రి పుల్లతో డబ్బాలోంచి ఒక బొట్టు తీసి ఎడమ బొటనవేలి గోటి మీద పెట్టుకుని, ఆ గోటిని బండికి ఆనించి కళ్ళు చికిలించేవాడు. "ఇంకో రెండు చుక్కలు పసుపు," అనేవాడు. రెండంటే రెండే. మూడోది పడిందా, డబ్బా మొత్తం పారబోయించేవాడు.

అలాంటి మనిషిని ఇంట్లో కూర్చోబెట్టారు. ఎందుకయ్యా అంటే, తాగి పనికి వస్తున్నాడట!

ఆయన భార్య దర్జీ. వీధివైపు గదిలో కుట్టు మిషను, గోడకు నిలువుటద్దం, అద్దం పక్కన మేకులకు సగం కుట్టిన కోట్లు. చుట్టుపక్కల నాలుగు వీధుల వాళ్ళకీ ఆమె టైలరక్క. షెడ్డు నుంచి వచ్చిన ఉత్తరం చదివితే టైలరక్కకి ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్ళు మండింది. "పనివేళల్లో మత్తులో ఉంటున్నందున" అని రాశాడు యజమాని. మేస్త్రి జన్మలో చుక్క ముట్టలేదు. దగ్గుమందు సీసా మూత తీస్తేనే మొహం తిప్పుకునే రకం. ఈమధ్య మాత్రం తిప్పుకోవడం లేదు. వాసన తెలిస్తే కదా తిప్పుకోవడానికి!

నిజం చెప్పాలంటే యజమానికి అలా అనిపించడంలో వింత లేదు. స్ప్రే గదిలోంచి బయటికి వచ్చేసరికి మేస్త్రి నడక తూలుతోంది. చేతిలో ఉన్న తాళాలు జేబులన్నీ వెతుకుతున్నాడు. అడిగినదే మళ్ళీ అడుగుతున్నాడు, చెప్పామంటే కస్సుమంటున్నాడు. పైగా మూడు బండ్లు వెనక్కి వచ్చాయి, తలుపు ఒక నీలం, బండి ఒక నీలం. మేస్త్రి మాత్రం తప్పంతా కొత్త ట్యూబులైట్ల మీద తోసేశాడు.

మతిమరుపుకి ఆయనే ఒక ఉపాయం కనిపెట్టుకున్నాడు. పొద్దున్నే గోళ్ళ మీద రంగు బొట్లు. నీలం బొట్టుంటే తోటి పనివాడు సుత్తన్న దగ్గరున్న ఇంటి తాళం తెచ్చుకోవాలి, ఆకుపచ్చ బొట్టుంటే పాలు తేవాలి. రెండు నెలల కింద ఒకరోజు తాళం కోసమని వెళ్ళి పాలతో వచ్చాడు. ఇద్దరూ తలుపు బయట మెట్ల మీద కూర్చుని, పాలు వేడెక్కిపోతుంటే, కడుపుబ్బ నవ్వుకున్నారు. నవ్వయ్యాక టైలరక్క ఆ గోరు పట్టుకుని చూసింది. దాని మీద ఉన్నది నీలం బొట్టే.

ఉత్తరం వచ్చిన మర్నాడే ఆమె ఆయన్ని పెద్దాసుపత్రికి లాక్కుపోయింది. అక్కడ పనివాళ్ళ జబ్బులకని వేరే విభాగం ఉంది. డాక్టరమ్మ చిన్న మనిషి, పెద్ద కళ్ళద్దాలు, తొందర లేని గొంతు.

"చేతులు దేంతో కడుక్కుంటారు మేస్త్రి గారూ?"

"థిన్నర్‌తోనే. సబ్బుకి పోతుందా ఏంటి రంగు?"

"మొహానికి ఏం కట్టుకుంటారు?"

"జేబురుమాలు."

"గాలి బయటికి లాగే ఫ్యాను ఉందా?"

"ఉంది. తిరగదు."

"తలనొప్పి ఎప్పుడొస్తుంది?"

మేస్త్రి నవ్వాడు. "సెలవు రోజున. పనిలో దిగానంటే పోతుంది. ఇంట్లో ఉంటేనే నాకు తలనొప్పి డాక్టరమ్మా."

ఈ ముక్క ఎన్నో ఏళ్ళ నుంచి చెప్తున్నాడు. టైలరక్క అది తన మీద విసురనుకుని అన్నేళ్ళూ మూతి ముడుచుకుంటూనే ఉంది. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. కాగితం మీద రాసుకుంది.

తర్వాత టైలరక్కను ఒక్కదాన్నే వరండాలోకి పిలిచింది. "థిన్నర్ ఆవిరి ఏళ్ళ తరబడి పీలిస్తే మెదడు దెబ్బతింటుందమ్మా. ఇది అదేనని నా అనుమానం. సెలవు రోజున తలనొప్పి కూడా ఒంటికి అలవాటైన ఆ ఆవిరి అందకే. ఇప్పుడు ఆపేస్తే చాలామందికి ఉన్నది ఉన్నచోట ఆగుతుంది. పోయిందంతా తిరిగి రాకపోవచ్చు. మళ్ళీ ఆ గదిలోకే వెళ్తే మాత్రం మిగిలింది కూడా పోతుంది."

"అయితే ఆ మాటే కాగితం మీద రాసివ్వండి. వాడి మొహాన కొడతాను."

"పరీక్షలు చెయ్యకుండా ఎలా రాస్తాను? జ్ఞాపకం, చేతివేగం, చూపు, అన్నీ చూడాలి. ఆయన చెయ్యగలిగినంతా చెయ్యాలి. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు. అన్నట్టు, రంగులు పోల్చుకోవడంలో ఏమైనా తేడా కనిపించిందా?"

"లేదు," అంది టైలరక్క ఠపీమని.

అబద్ధం. ఆ గోటి సంగతి ఒక్కటే అయితే మరిచిపోయిందనుకోవచ్చు. అంతకంటే పెద్దది ఒకటుంది. పెళ్ళయిన కొత్తలో మొదలైన పోటీ వాళ్ళది. బట్టకు ఏ దారం నప్పుతుందో ఆమె ఒకటి తీస్తే ఆయన ఇంకొకటి తీసేవాడు. రెండూ బట్ట మీద పరిచి, కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి చూసేవాళ్ళు. ఎప్పుడూ ఆయనదే గెలుపు. పాతికేళ్ళు అలా గెలిచాడు, గెలిచినప్పుడల్లా మీసం దువ్వుకున్నాడు. మూడేళ్ళ కింద ఒకరోజు ముదురు నీలం కోటుకి ఆకుపచ్చ దారం తీసి ఇచ్చాడు. హాస్యమనుకుంది. ఆయన మొహం చూస్తే హాస్యంలా లేదు. "అదే సరైంది" అనేసి దానితోనే కుట్టింది. ఆయన పనికి వెళ్ళాక కుట్లన్నీ విప్పి నీలం దారంతో మళ్ళీ కుట్టింది. ఆరోజు నుంచి అదే పని. ఆయన కన్ను తప్పిందని లోకానికి తెలియకూడదు, అన్నిటికంటే ముందు ఆయనకి తెలియకూడదు. ఒక్కో కోటు రెండేసిసార్లు కుట్టిన మనిషి, డాక్టరడగ్గానే అదంతా కక్కేస్తుందా?

ఇక మేస్త్రిని పరీక్షకి ఒప్పించడం. "మెదడుకి పరీక్షా? నేనేమన్నా పిచ్చివాడినా?" అని ఆయన మంచం దిగలేదు. టైలరక్క కత్తెర పెట్టిందంటే రెండోసారి ఆలోచించే మనిషి కాదు. "నీకేం లేదని తేలేది ఆ పరీక్షలోనేనయ్యా. పాసైపోయి ఆ కాగితం షెడ్డువాడి బల్ల మీద పడేస్తే నోరు మూసుకుని రమ్మంటాడు," అంది.

అంతే, మేస్త్రికి హుషారు వచ్చేసింది. మంచం దిగాడు, గడ్డం గీసుకున్నాడు. తిన్నగా సుత్తన్న దగ్గరికి వెళ్ళాడు.

సుత్తన్న అదే షెడ్డులో బండ్ల సొట్టలు తీసే మనిషి. ఆరుబయట రేకు కింద పని, చేతిలో ఎప్పుడూ సుత్తి, అందుకే ఆ పేరు. కిందటేడు ఆసుపత్రి వాళ్ళు ఎవరైనా ఇద్దరు పనివాళ్ళు వచ్చి పరీక్ష చేయించుకోండంటే సుత్తన్న వెళ్ళాడు. బయటి గాలిలో ఉండేవాడు కాబట్టి బాగానే తేలాడు. ఆ పరీక్షలో పన్నెండు మాటలు చదివి, మళ్ళీ చెప్పమంటారు. సుత్తన్న పన్నెండూ చెప్పేశాడు. ఆ గొప్ప ఇంటిల్లిపాదికీ, షెడ్డు మొత్తానికీ చెప్పుకుని తిరగడంలో ఆ మాటలు ఇప్పటికీ నోట్లో ఆడుతూనే ఉన్నాయి.

"రాసుకో మేస్త్రీ. గొడుగు, నిచ్చెన, చేప, కిటికీ..."

మేస్త్రి పదిరోజులు బట్టీ పట్టాడు. స్నానం చేస్తూ గొడుగు, నిచ్చెన. అన్నం ముందు కూర్చుని చేప, కిటికీ, ఉప్పు, రైలు. ఎనిమిదో మాట దగ్గర ఆగిపోయి తల పట్టుకునేవాడు, మళ్ళీ మొదటికి వచ్చేవాడు. మిషను తొక్కుతూ టైలరక్క అంతా వింటూనే ఉంది. పాసైతే కొంప మునుగుతుంది. ఆగవయ్యా అంటే ఎందుకంటాడు. ఎందుకో చెప్తే గడప దాటడు. తన అబద్ధం తన కాళ్ళకే చుట్టుకుంది. జీవితంలో మొదటిసారి మొగుడు ఒకటి మర్చిపోతే బాగుండునని కోరుకుంది, ఆ కోరికకి తన మీద తనకే అసహ్యం వేసింది.

పరీక్ష రోజున మేస్త్రి ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. చిన్న గది. ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకి గడియారం. టైలరక్కకి మూల స్టూలు చూపించి, "మీరు కూర్చోవచ్చమ్మా, పరీక్ష అయ్యేదాకా మాత్రం మాట్లాడకండి," అంది డాక్టరమ్మ. మాట్లాడకుండా కూర్చోవడం ఆమె వల్ల అయ్యే పని కాదు. అయినా పళ్ళు బిగించి కూర్చుంది.

డాక్టరమ్మ కళ్ళద్దాలు సర్దుకుని, "మేస్త్రి గారూ, ఇవాళ ఏ వారం..." అని మొదలుపెట్టిందో లేదో,

"గొడుగు, నిచ్చెన, చేప, కిటికీ, ఉప్పు, రైలు, దువ్వెన, మేఘం, గంట, చెప్పు, నిమ్మకాయ, తాడు!" అని ఊపిరి తిప్పుకోకుండా ఒప్పజెప్పి, మేస్త్రి వెనక్కి వాలి మీసం దువ్వుకున్నాడు.

డాక్టరమ్మ చేతిలోని మాటల కాగితం ఇంకా మడత కూడా విప్పలేదు.

"నేనింకా చదవలేదండీ," అంది డాక్టరమ్మ.

టైలరక్కకి నవ్వు ముంచుకొచ్చింది. చున్నీ నోట్లో కుక్కుకుంది. డాక్టరమ్మ పెదవులు కూడా కదిలాయి కానీ మంచి మనిషి, ఆపుకుంది. సొరుగులోంచి ఇంకో కాగితం తీసి వేరే పన్నెండు మాటలు నిదానంగా చదివింది. మేస్త్రి నాలుగు చెప్పాడు. ఐదోది "నిమ్మకాయ" అన్నాడు. అది పాత కాగితంలోది.

టైలరక్క నవ్వు అక్కడితో పోయింది. అంకెలు వెనక నుంచి చెప్పమంటే మూడు దాకా వచ్చి, నాలుగు అంకెలు అనగానే చెమట పట్టింది ఆయనకి. చిన్న మేకులు బెజ్జాల్లో పెట్టమంటే కిందపడ్డ మేకుల్ని తిట్టాడు. ఇదే తను కోరుకున్నది కదా! ఒక్కో మేకు కింద పడుతుంటే లేచి వెళ్ళి ఆ చెయ్యి పట్టుకోవాలనిపించింది.

చివర్లో డాక్టరమ్మ ఒక పొడుగాటి పెట్టె తెరిచింది. అందులో సీసా మూతలంత బిళ్ళలు పదిహేను, ఒక్కోటీ ఒక్కో లేతరంగు. మొదట ఒక నీలం బిళ్ళ పెట్టెకే అతికించి ఉంది. "దీని పక్కన దీనికి బాగా దగ్గరగా ఉన్న రంగు పెట్టాలి. దాని పక్కన దానికి దగ్గరిది. అలా చివరిదాకా పేర్చాలి."

మేస్త్రి మొహం వెలిగిపోయింది. "ఇప్పుడిచ్చారమ్మా నా పని నాకు! ఇందాకటి నుంచి ఈ గొడుగులూ నిచ్చెనలూ ఎందుకు?"

ఆయన చేతులు ఒక్కసారిగా పాత చేతులైపోయాయి. వణుకు లేదు, తడబాటు లేదు. బిళ్ళను రెండు వేళ్ళతో అంచున పట్టుకుని, కళ్ళు చికిలించి, టక్కున పెట్టేస్తున్నాడు. తనకి ఇరవై రెండేళ్ళప్పుడు దారం రీలు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డ కుర్రాడు ఇలాగే ఉండేవాడు. టైలరక్క ఆ చేతుల్నే చూస్తూ బిళ్ళల్ని చూడటం మర్చిపోయింది. చిటికెలో పని ముగించి మేస్త్రి చేతులు దులుపుకున్నాడు.

"ఏమే, ఇలా రా. నువ్వు చెప్పు. నీ కన్ను కూడా తక్కువేం కాదు."

"అయిపోయింది కదా, ఇక మాట్లాడొచ్చు," అంది డాక్టరమ్మ.

టైలరక్క వచ్చి చూసింది. లేత పసుపులూ ఆకుపచ్చలూ ఉన్న వరుస మధ్యలో ఊదా బిళ్ళ ఒకటి దర్జాగా కూర్చుంది. నీలాల మధ్య ఆకుపచ్చలు. మేస్త్రి ఆమె మొహంలోకే చూస్తున్నాడు. మూడేళ్ళుగా అలవాటైన మాట నాలుక చివరికి వచ్చేసింది. బాగుందయ్యా అంటే సరిపోతుంది. కాగితం ఎలాగూ డాక్టరమ్మ రాస్తుంది. ఈయన మాత్రం ఆ కాగితం చింపి పారేసి, నా కన్ను సరిగ్గానే ఉంది, మా ఆవిడే చెప్పింది అంటూ మళ్ళీ ఆ గదిలోకి వెళ్తాడు. తనెరగని మనిషా?

"తప్పయ్యా," అంది.

మేస్త్రి పకపకా నవ్వాడు. "నీ మొహం! ఎప్పుడన్నా గెలిచావా నా మీద?"

డాక్టరమ్మ బిళ్ళల్ని ఒక్కొక్కటే బోర్లించింది. అడుగున అంకెలున్నాయి. డబ్బా అడుగున అంకె చదివి రంగు పేరు చెప్పగల మేస్త్రికి ఆ అంకెల అర్థం ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఒకటి, రెండు, ఆరు, పద్నాలుగు, మూడు. అక్కడ ఆయన వేలు ఆగింది.

"ట్యూబులైటు," అన్నాడు.

డాక్టరమ్మ పెట్టెను కిటికీ దగ్గరికి జరిపింది. ఎండ పడుతోంది. మేస్త్రి మళ్ళీ పేర్చాడు, ఈసారి నింపాదిగా. తానే బోర్లించాడు. పద్నాలుగు మళ్ళీ మూడు పక్కనే ఉంది.

"మూడేళ్ళయింది," అంది టైలరక్క. "ఆ ముదురు నీలం కోటు గుర్తుందా? నువ్విచ్చింది ఆకుపచ్చ దారం. నువ్వు పనికి వెళ్ళాక విప్పేశాను. ఆరోజు నుంచి నువ్విచ్చిన ప్రతి దారం విప్పుతున్నాను, మళ్ళీ కుడుతున్నాను. గోటి మీద నీలం పెట్టుకుని పాలు తెచ్చింది కూడా అందుకే. డాక్టరమ్మా, మీరడిగినప్పుడు నేను అబద్ధం చెప్పాను. రాసుకోండి. నీతో కూడా అబద్ధమే చెప్పానయ్యా. ఈ పరీక్ష పాసవ్వడానికి కాదు, నువ్వు ఇంకా పాడవకుండా ఉండటానికి."

తాగుబోతన్నప్పుడు కూడా మేస్త్రి ఇంత నొచ్చుకోలేదు. పాతికేళ్ళ మీసం ఒక్కసారిగా బరువైపోయినట్టు తల వాల్చేశాడు. కళ్ళ నీళ్ళు తుడుచుకోలేదు కూడా.

"అయితే మూడేళ్ళ నుంచి నువ్వే గెలుస్తున్నావన్నమాట," అన్నాడు చివరికి.

"ఆ."

"చెప్పొచ్చుగా. మీసం దువ్వుకునేవాడిని కాదు."

ఆ మాటకి టైలరక్క భోరుమంది. ఆయన్ని చూసి కాదు, తన మీద కోపంతో. తను మొదటి కోటు రోజునే చెప్పి ఉంటే మూడేళ్ళ థిన్నర్ ఆయన తలకెక్కేది కాదు. దారాలు కాపాడింది, తలని వదిలేసింది.

మేస్త్రి ఊదా బిళ్ళను తీసి డాక్టరమ్మ ముందు పెట్టాడు. "రాయండమ్మా. ఉన్నదున్నట్టు రాయండి. నాలుగు మాటలే చెప్పాడు, అవీ కాపీ కొట్టబోయి దొరికిపోయాడని కూడా రాయండి, పర్లేదు. కానీ తాగుబోతు కాదు, రంగు కొట్టి ఇలా అయ్యాడని పైన పెద్దక్షరాలతో రాయండి. స్ప్రే గదిలో ఇంకో నలుగురున్నారు. వాళ్ళని కూడా పంపిస్తాను. ముందుగా ఆ మాటలు మాత్రం మార్చండి, సుత్తన్న అందరికీ చెప్పేశాడు."

డాక్టరమ్మ ఈసారి నవ్వు ఆపుకోలేదు. నవ్వుతూనే కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

కాగితం వారంలో వచ్చింది. మేస్త్రి దాన్ని యజమాని బల్ల మీద పెట్టి, ఇంకెప్పుడూ స్ప్రే గదిలోకి అడుగు పెట్టనని, ఆ ఫ్యాను తిరిగేదాకా మిగతా నలుగురు కూడా పెట్టరని చెప్పి వచ్చాడు. యజమాని తలుపు వైపు చూశాడు. ఆ నలుగురూ తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడే ఉన్నారు. మూడోరోజుకి ఫ్యాను తిరిగింది, మొహానికి కట్టుకునే అసలైన మాస్కులు వచ్చాయి. తాగాడన్న ఉత్తరం వెనక్కి తీసుకుంటూ ఇంకో ఉత్తరం కూడా వచ్చింది. దాన్ని టైలరక్క అద్దం పక్కన మేకుకి గుచ్చింది, కోట్ల కోసం వచ్చేవాళ్ళంతా చదవాలని.

ఆ మర్నాడు పొద్దున ఆమె ఒక బూడిదరంగు కోటు ముందేసుకుని కూర్చుంది. మేస్త్రి వచ్చి దారాల పెట్టె తన ఒళ్ళోకి లాక్కున్నాడు. వెతికాడు. ఒక రీలు తీసి, పట్టుకుని, మళ్ళీ పెట్టేశాడు. ఈసారి అబద్ధమాడకూడదని ఆమె ఒట్టు పెట్టుకుంది.

"ఇందులో బూడిదరంగు ఏదే?"

"ఆ మూలది."

మేస్త్రి ఆ రీలు అంచు మీద పెన్నుతో 'బూడిద' అని రాశాడు. తర్వాతది ఎత్తి చూపించాడు. "ఇది?"

"ఆకుపచ్చ."

రాశాడు. అలా ముప్పై రీళ్ళు, ఒక్కొక్కటే అడిగి, ఒక్కొక్కటే రాశాడు. మధ్యలో ఒక రీలు గురించి రెండుసార్లు అడిగాడు. ఆమె రెండుసార్లూ చెప్పింది. చివరికి రెండు రీళ్ళు మిగిలాయి. ఆమె నోరు తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇవి నాకొదిలెయ్. నలుపూ తెలుపూ ఇంకా నావే," అని మీసం దువ్వుకుని, పెట్టె మూసి, కోటుకి గుండీలు కుట్టడానికి సూదిలో నల్లదారం ఎక్కించసాగాడు. మూడుసార్లు తప్పింది. నాలుగోసారి ఎక్కింది.